కొరొనిల్లా ఎడమ గోడ

నాలో మెచ్చుకోదగ్గ గుణం ఒకటుంది, వినయం. మా ఫెలోషిప్‌లో ప్రతి ఆదివారం చివరి వరుసలో, చివరి కుర్చీలో కూర్చుంటాను. ముందుకు రమ్మని ఎంత బతిమాలినా కదలను. నిజానికి ఇంతవరకు ఎవరూ బతిమాల్లేదు. బతిమాలితే కదలకూడదని నేనే తయారుగా ఉంటాను. నడినెత్తి మీద జుట్టు పోయిన చోటు వెనకవాళ్ళకి కనపడకుండా అలా కూర్చుంటానని కొందరంటారు. అది గిట్టనివాళ్ళ మాట. చివరి వరుసలో ఇంకో సదుపాయం కూడా ఉంది, అందరి వీపులూ కనిపిస్తాయి. మొహంతో అబద్ధమాడినంత తేలిగ్గా వీపుతో ఎవరూ ఆడలేరు. ఈ కథలో సగం నేను దయారత్నంగారి వీపు చూసి తెలుసుకున్నది. మిగతా సగం వాళ్ళావిడ కృపామణిగారు మా ఆవిడకి చెబితే, మా ఆవిడ నాకు చెప్పకూడదనుకుని చెప్పింది.

ఇంగ్లండులో, షెఫీల్డ్‌లో మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్ మధ్యాహ్నం పూట జరుగుతుంది. నైట్ డ్యూటీ దిగిన నర్సులు కాసేపు కునుకు తీయాలి, కేర్ హోముల్లో చేసేవాళ్ళు డ్యూటీల రోటా మార్చుకోవాలి, మాస్టర్స్ చదివే పిల్లలకి ఆకలి వేయాలి. ఈ మూడూ మధ్యాహ్నానికి గానీ కుదరవు. మగవాళ్ళు ముందే వచ్చి కుర్చీలు వేస్తారు. కుడివైపు మగవాళ్ళకి, ఎడమవైపు ఆడవాళ్ళకి, మధ్యలో దారి. తెనాలిలోనూ, గుడివాడలోనూ చాపల మీద ఎలా కూర్చున్నారో ఇక్కడ కుర్చీల మీదా అలాగే. ఏ పిల్లయినా తెలియక తండ్రి పక్కన కూర్చుంటే దయారత్నంగారు చూపుడువేలితో దారి అవతలికి చూపిస్తారు. కుర్చీలు, మైకు, హాలు తాళాలు, జనం నడవడిక, ఇవన్నీ ఆయన బాధ్యతలు. మొదటి మూడూ సంఘం ఇచ్చింది. నాలుగోది ఆయనే తీసుకున్నారు.

ఆ హాలు నేల ఒక ఓడది. 'కొరొనిల్లా' అనే పాత ప్రయాణికుల ఓడని విరగ్గొట్టి అమ్మినప్పుడు, దాని భోజనాల హాల్లోని టేకు చెక్కలు, గోడ పలకలు కొనుక్కొచ్చి ఇక్కడ పరిచారు. యుద్ధకాలంలో ఆ ఓడ ఆసుపత్రిగా పనిచేసిందట. అందువల్ల నేలకి ఒక అలవాటుంది. హాల్లో ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే, వాళ్ళ కుర్చీ కింద నేల కాస్త ఎడమకి ఒరుగుతుంది. కుర్చీ మెల్లగా జారి ఎడమ గోడ దగ్గర ఆగుతుంది. పుష్పలీలగారు గోడ దగ్గరికి జారిన వారమే ఆవిడకి షుగరు బయటపడింది. గోడ దగ్గరికి చేరినవాళ్ళకి ఎవరో ఒకరు అల్లం టీ తెచ్చిస్తారు, సోమవారం పొద్దున్నే జీపీ డాక్టరుకి ఫోను చేస్తారు. పాస్టరుగారు ప్రసంగం ఆపరు.

చిక్కల్లా ఒక్కటే. ఎడమ గోడ ఆడవాళ్ళ వైపుంది.

ఆడవాళ్ళకి జబ్బు చేస్తే ఎవరూ వింతగా చూడరు, రెండు కుర్చీల దూరం జారతారు, అంతే. మగవాడికి జబ్బు చేస్తే మాత్రం కుర్చీతో సహా దారి దాటి, చీరల మధ్యలోంచి ఊరేగుతూ వెళ్ళాలి. పోయిన చలికాలం ఆషెర్ అనే కుర్రాడు అలాగే వెళ్ళాడు. పెళ్ళికాని పిల్లాడు, ఇంజనీరింగులో మాస్టర్స్. కీర్తన మధ్యలో నిదానంగా జారుకుంటూ పోయి గోడకి ఆనుకున్నాడు. పాపం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ రోజు ప్రకటనల సమయంలో దయారత్నంగారు మైకు పట్టుకుని, "కొందరు తమ్ముళ్ళకి ఈమధ్య సహోదరీల పక్షాన భారం ఎక్కువైనట్టుంది, వారి కోసం ప్రార్థించండి" అన్నారు. హాలంతా నవ్వింది. నేను కాస్త ఎక్కువే నవ్వాను. ఆషెర్ మూడు ఆదివారాలు రాలేదు. అప్పట్నుంచి మా మగవాళ్ళలో ఎవరికి దగ్గొచ్చినా ఆ వారం ఇంట్లోనే ఉండిపోవడం మొదలైంది.

దయారత్నంగారు స్వతహాగా అనుమానం మనిషి. పార్శిలు ఇచ్చేవాడు నవ్వితే ఎందుకు నవ్వాడని ఆలోచిస్తారు. నవ్వకపోతే లోపల ఏం విరిగిందోనని పెట్టె ఊపి చూస్తారు. అరవై ఐదు నిండగానే, మగవాళ్ళకి ఉచితంగా పొట్ట స్కాన్ చేస్తాం రండి అని జీపీ క్లినిక్‌వాళ్ళ తరఫున ఫోనుకి మెసేజ్ వచ్చింది. "ఊరికే ఎవడు చేస్తాడే స్కాను? ఇది నొక్కితే బ్యాంకు ఖాళీ" అని తీసేశారు. మళ్ళీ వచ్చింది. నంబరు బ్లాక్ చేశారు. నర్సు భార్యని ఒక్క మాట అడగొచ్చు కదా అని మీకనిపించొచ్చు. అడిగితే ఆవిడ నిజమే అంటుందేమోనని ఆయన భయం.

సెప్టెంబరులో ఒక ఆదివారం, పాస్టరుగారు యోనా గురించి చెబుతుండగా, దయారత్నంగారి కుర్చీ కదిలింది.

బెత్తెడు కూడా కాదు. కానీ ఆయన వీపు కర్రలా బిగుసుకుంది. వెంటనే వెనక్కి తిరిగి ఆషెర్‌ని చూశారు.

"కుర్చీ లాగుతున్నావేంట్రా?"

"నేనా? నా చేతిలో బైబిలుంది అంకుల్."

"రెండో చేతిలో?"

"ఆ చేత్తో బైబిలు పట్టుకుంటే ఈ చేత్తో పేజీ తిప్పాలి కదా అంకుల్."

ఆ సమాధానం మరీ సూటిగా ఉండటంతో ఆయనకి అనుమానం బలపడింది. ఆరాధన అయ్యాక మోకాళ్ళ మీద కూర్చుని నేలని వేలితో రుద్ది చూశారు. హాలు కమిటీవాళ్ళు పాలిష్ మార్చారని తేల్చారు. నాకు మాత్రం ఆయన వీపు ఎడమకి వాలడం తెలుస్తూనే ఉంది. నేను చెప్పలేదు. చెప్పానుగా, నాది వినయం.

ఆ పై వారం ఆయన ఒక సంచితో వచ్చారు. సంచిలోంచి నీలం రంగు రబ్బరు బాత్ మ్యాట్ తీశారు, కింద వందల చిన్న చిన్న పీల్చుడు బుడిపెలుండే రకం. దాన్ని నేలకి అదిమి, పైన కుర్చీ వేసి కూర్చున్నారు.

"కుర్చీ కింద ఏంటి అంకుల్ అది?" అన్నాడు ఆషెర్.

"నేల చల్లగా ఉంది."

"కాళ్ళు నేలమీదే ఉన్నాయి కదంకుల్. మ్యాట్ కుర్చీకేశారు."

"కుర్చీకి చలి వేస్తుంది. నీకెందుకు? ప్రసంగం విను."

మ్యాట్ ఆ వారం ఆగింది. తరవాతి వారం మ్యాట్‌తో సహా జారింది. అప్పుడాయన మ్యాట్‌నీ, తన చోటునీ స్తంభం పక్కకి మార్చుకున్నారు. స్తంభం చుట్టూ మోచెయ్యి వేసి, ఎంతో భక్తితో కళ్ళు మూసుకుని కూర్చునేవారు. కొత్తవాళ్ళు చూసి ఆయన పరిశుద్ధాత్మలో లీనమై ఉన్నారనుకున్నారు. నేల లాగుతుంటే ఆయన పట్టుకునేవారు. పట్టుకుని మధ్యమధ్యలో ఒక కన్ను తెరిచి ఎడమ గోడ ఎంత దూరముందో కొలుచుకునేవారు. పొట్టలో ఏదో రెండో గుండె కొట్టుకుంటున్నట్టు ఉంటోందని ఆయనకి ఆగస్టు నుంచే తెలుసు. దానికి గ్యాసని పేరు పెట్టి, ఇండియన్ షాపులో ఈనో ప్యాకెట్లు కొనుక్కుని కారులో దాచుకున్నారు.

కృపామణిగారు పెద్దాసుపత్రిలో సిస్టరు. ఊళ్ళోవాళ్ళ నొప్పులన్నీ గుమ్మంలో నిలబడే కనిపెడతారు. కానీ భర్త ప్రతి వారం స్తంభం వాటేసుకుని ఒంటి కన్నుతో ఆడవాళ్ళ వైపు చూస్తుంటే, ఏ భార్యకైనా ముందు తట్టేది జబ్బు కాదు. ఆ కన్ను వెళ్ళే చోట, గోడ పక్కన, పుష్పలీలగారు కూర్చుంటారు. భర్త పోయి రెండేళ్ళయింది. గోంగూర పచ్చడి అద్భుతంగా చేస్తారు.

ఒక శనివారం పొద్దున వంటింట్లో అడిగేశారు.

"ఏవండీ, బాత్రూంలో జారి పడబోయాను. మ్యాట్ ఏది?"

"ఎవరో ఎత్తుకెళ్ళుంటారు."

"ఇంట్లోకొచ్చి బాత్ మ్యాట్ ఎత్తుకెళతారా?"

"ఈ దేశంలో ఏదైనా ఎత్తుకెళతారు. పోయినేడు మన చెత్త డబ్బా పోలేదూ?"

"సరే. ప్రార్థనలో అటువైపు ఏం చూస్తున్నారు?"

"ఎటువైపు?"

"మా వైపు."

"గోడ చూస్తున్నాను."

"గోడ దగ్గర పుష్పలీలుంది."

"పుష్పలీల వెనక గోడుంది! నేను చూసేది గోడ!"

టోస్టుకి వెన్న రాసుకుంటున్న కూతురు హెప్సి తల ఎత్తకుండానే, వినడానికే సిగ్గన్నట్టు, "డాడ్, దట్ ఈజ్ సో క్రింజ్" అంది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు మొత్తం అర్థమవుతుంది గానీ, ఇలాంటి సందర్భాల్లో తెలుగులో చెప్పే ఓపిక ఉండదు.

 ఆ వారం గోంగూర మీద కృపామణిగారికి విరక్తి కలిగింది. దయారత్నంగారు చెబితే అయిపోయేది. కానీ చెబితే ఆవిడ పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తుంది. చూస్తే ఉందంటుంది. ఉందంటే ఆదివారం గోడ దగ్గరికి వెళ్ళాలి, ఆషెర్ ముందు, మైకులో తను అన్న మాట ముందు. భార్య తనని అనుమానించడమే ఆయనకి నయమనిపించింది.

నవంబరులో యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే ఆదివారం వచ్చింది. ఆ రోజు హాలు కమిటీ సెక్రటరీ మోరీన్ వచ్చి, ఓడ చరిత్ర మాకు నాలుగు మాటలు చెబుతానన్నారు. రిటైరైన స్కూలు టీచరు, ఆ పోయినవాళ్ళ గుర్తుగా కోటుకి ఎర్ర గసగసాల పువ్వు పెట్టుకున్నారు. అందర్నీ "లవ్" అని పిలుస్తారు, పాస్టరుగారిని కూడా. ఆవిడ ఇంగ్లీషుని హెప్సి తెలుగు చేస్తానని లేచి, రెండు వాక్యాలయ్యాక "యు ఆల్ అండర్‌స్టాండ్, రైట్?" అని కూర్చుంది.

కొరొనిల్లా క్లైడ్ నది ఒడ్డున తయారైందట. లివర్‌పూల్ నుంచి బొంబాయికి, రంగూన్‌కి దొరల్ని, దొరసానుల్ని, వాళ్ళ పియానోల్ని మోసింది. మనం కూర్చున్న ఈ చెక్కల మీదే మొదటి తరగతివాళ్ళు బట్టలు మార్చుకొచ్చి సూపు తాగేవారు. మొదటి యుద్ధం రాగానే ఓడకి తెల్లరంగు వేసి, నడుం చుట్టూ ఆకుపచ్చ గీత గీసి, పక్కల ఎర్ర శిలువలు దిద్దారు. భోజనాల బల్లలు పీకేసి చక్రాల మంచాలు వేశారు. సూపు వడ్డించినవాళ్ళే కట్లు పట్టుకుని నిలబడ్డారు. గలిపోలీ నుంచి, బస్రా నుంచి గాయపడ్డవాళ్ళని తెచ్చారు, వాళ్ళలో మన సిపాయిలూ ఉన్నారు.

"ఆపరేషన్ గది తలుపు ఈ ఎడమ గోడకే ఉండేది, లవ్" అన్నారు మోరీన్. "ఒక్కసారిగా వందలమంది ఎక్కేవారు. ఎవర్ని ముందు చూడాలో డాక్టర్లకి తెలిసేది కాదు. ఓడే చెప్పేది. ఎవరి మంచం ఈ గోడకి జారితే వాళ్ళని ముందు లోపలికి తీసుకెళ్ళేవారు. యుద్ధం అయ్యాక మళ్ళీ సూపు. రెండో యుద్ధంలో మళ్ళీ మంచాలు. చివరికి ముసలిదైపోయిందని విరగ్గొట్టారు. ఇనుము మన షెఫీల్డ్ ఉక్కు కొలుముల్లోకే వచ్చింది, మీ వంటింటి చెంచాల్లో ఉన్నా ఉండొచ్చు. నేల మాత్రం పని మానలేదు."

ఆవిడ చీటీ తిప్పి, ఇది కూడా చెప్పాలి అన్నట్టు చెప్పారు. ఆఫీసర్ల మంచాలు కుడివైపు ఉండేవి, ఎడమవైపు మామూలు సిపాయిలు. ఒక మేజరు బస్రాలో ఎక్కాడు. చూడ్డానికి చిన్న గాయం. మంచం ఎడమకి జారడం మొదలెట్టింది. సిపాయిల మధ్యకి వెళ్ళడం ఆయనకి నామోషీ. నడుం బెల్టు తీసి మంచాన్ని స్తంభానికి కట్టేసుకున్నాడు. అడిగిన ప్రతివాళ్ళతోనూ నాకేం లేదన్నాడు. "మాల్టా చేరకముందే శవాన్ని సముద్రంలో దించారు, పాపం" అని చీటీ మడిచి బ్యాగులో పెట్టుకున్నారు మోరీన్.

 నాకు కనపడుతున్న వీపులన్నీ ఒక్కొక్కటిగా తిరిగి మొహాలయ్యాయి. ఆ మొహాలన్నీ స్తంభం వైపు చూశాయి.

దయారత్నంగారు మోచెయ్యి తీయలేదు. "సోదరి మోరీన్‌గారికి వందనాలు. ప్రార్థన చేసుకుందాం, అయ్యగారూ" అన్నారు. గొంతు మాత్రం పెద్దగా వచ్చింది.

పాస్టరుగారు కళ్ళు మూసుకోమన్నారు. ఎవరూ మూసుకోలేదు. కృపామణిగారు లేచారు. మా ఫెలోషిప్‌లో మొట్టమొదటిసారి ఒక ఆడమనిషి, ప్రార్థన జరుగుతుండగా, దారి దాటి మగవాళ్ళ వైపు వచ్చింది.

"ఏవండీ, ఆ మ్యాట్ తీయండి."

"ప్రార్థన జరుగుతోంది."

"అది మన బాత్రూందే."

"కృపా, అందరూ చూస్తున్నారు."

"కళ్ళు మూసుకున్నారు లెండి."

"ఒక్కడూ మూసుకోలేదు! నేను చూస్తూనే ఉన్నాగా."

"ఎప్పట్నుంచి జారుతోంది?"

ఆయన స్తంభాన్ని ఇంకాస్త గట్టిగా వాటేసుకున్నారు.

"మీరు చూసేది గోడ కాదు, పుష్పలీల అనుకున్నాను" అన్నారావిడ. ఆ మాటలో కోపముందో, సిగ్గుందో నాకు తేలలేదు. "నా బుద్ధి మండా, రోజుకి పాతికమందికి నాడి చూస్తాను."

"నేనటు వెళ్ళను కృపా. మగాళ్ళు ఇటు, ఆడాళ్ళు అటు. ఇంతకాలం నేనే చెప్పి, ఇప్పుడు నేనే..." ఆగారు. ఆయన చూపు ఆషెర్ మీదికి వెళ్ళింది.

ఆషెర్ లేచాడు. ఏదో అంటాడనుకున్నాను. ఆ స్థానంలో నేనుంటే అనేవాణ్ణి, ఏడాది నుంచి దాచుకున్న మాటలు బోలెడుంటాయి. వాడు తన కుర్చీ తెచ్చి ఆయన పక్కన వేసి, "కూర్చోండి ఆంటీ" అన్నాడు.

కృపామణిగారు కూర్చున్నారు. రోగి చేతి మీద ప్లాస్టరు ఊడదీసేటంత నెమ్మదిగా, స్తంభం మీంచి ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశారు. ఆ చేతిని తన చేతిలో పెట్టుకున్నారు.

"ఒక్కరే వెళ్ళకండి. ఇద్దరం వెళదాం."

కాలితో మ్యాట్ పక్కకి తోశారు.

కుర్చీలు కదిలాయి. ఆయనది నేల లాగితే, ఆవిడది ఆయన లాగారు. పెళ్ళి కారులో కూర్చున్నట్టు పక్కపక్కనే, ఎవరి వంకా చూడకుండా, దారి దాటారు. ఆడవాళ్ళు కాళ్ళు పైకి తీసుకున్నారు. హ్యాండ్‌బ్యాగులు ఒళ్ళోకి వెళ్ళాయి. పుష్పలీలగారు తన నీళ్ళ సీసా పక్కకి జరిపి, "రా అన్నయ్యా" అన్నారు. పాస్టరుగారు ప్రార్థన ఆపలేదు గానీ, కాస్త వేగం తగ్గించారు. కుర్చీలు ఎడమ గోడకి టక్కున తగిలి ఆగాయి.

దయారత్నంగారు కళ్ళు మూసుకున్నారు. "పొట్టలో కొట్టుకుంటోంది కృపా. గ్యాసనుకున్నాను."

ఆవిడ కోటు గుండీ విప్పి, చొక్కా మీంచే పొట్ట మీద అరచెయ్యి పెట్టారు. అప్పటిదాకా భార్య మొహంలా ఉన్నది, చూస్తుండగానే సిస్టరు మొహమైపోయింది. ఎటూ చూడకుండా, మామూలు గొంతుతో, "హెప్సీ, అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. నాన్నని ఎవరూ కదపొద్దని అందరికీ చెప్పు" అన్నారు.

హెప్సి ఈసారి తెలుగులోనే "చేస్తున్నానమ్మా" అంది.

పొట్టలోని పెద్ద రక్తనాళం బత్తాయిలా ఉబ్బి ఉందట, పగలడానికి తయారుగా. ఆ మెసేజ్‌లోని ఉచిత స్కాను దానికేనట. అదే రోజు ఆపరేషను చేశారు. తీసుకెళ్ళే ముందు దయారత్నంగారు భార్యని దగ్గరికి పిలిచి, "ఆ డాక్టరు మరీ కుర్రాడిలా ఉన్నాడే, ఐడీ కార్డు ఒకసారి చూడు" అన్నారు. ఆవిడ చూసొచ్చి నిజమే అన్నారు. ఆయన ఫోటో కూడా పోల్చి చూడమన్నారు. తరవాత ఆ డాక్టరే కృపామణిగారితో, ఇంకొన్ని రోజులు ఆలస్యమయ్యుంటే, అని మొదలెట్టి వాక్యం పూర్తి చేయలేదు. ఇక్కడి డాక్టర్లకి మర్యాద ఎక్కువ.

ఫిబ్రవరిలో ఆయన తిరిగొచ్చారు. చొక్కాలు వదులయ్యాయి. ప్రకటనల సమయంలో మైకు అడిగితే అందరం దేవుడెలా కాపాడాడో సాక్ష్యం చెబుతారనుకుని సర్దుకుని కూర్చున్నాం, అరగంటకి తక్కువ కాదని.

"ఆషెర్, ఆ రోజు నీకు జ్వరం ఎంతొచ్చిందిరా?" అన్నారు.

ఆషెర్ తడబడ్డాడు. "ఇప్పుడడుగుతున్నారేంటి అంకుల్? నూటమూడు."

"అప్పుడడగలేదు కదా" అన్నారాయన. మైకు ఇచ్చేసి కూర్చున్నారు.

సంఘం పద్ధతేమీ మారలేదు. మగవాళ్ళు ఇటే, ఆడవాళ్ళు అటే. ఎడమ గోడ పక్క కుర్చీలు మాత్రం ఎవరివీ కావు. జారినవాళ్ళు జారతారు, కాళ్ళు తీసుకునేవాళ్ళు తీసుకుంటారు, అల్లం టీ వస్తుంది. దయారత్నంగారు ఇప్పటికీ పార్శిలు పెట్టె ఊపి చూస్తారు. కుర్చీ కదలకపోయినా, ఎందుకు కదల్లేదని వంగి నేల తడిమి చూస్తారు.

మొన్న ఆదివారం కీర్తన మధ్యలో నా కుర్చీ కదిలింది. చెక్కలు పాతవి కదా, ఎక్కడో ఎగుడుదిగుడు ఉంటుందనుకున్నాను. పాదాలు కాస్త గట్టిగా ఆనించాను. మళ్ళీ కదిలింది. కొత్త బూట్ల తప్పనుకున్నాను. ఆరాధన అయ్యాక బిర్యానీ ప్లేటు అందిస్తూ కృపామణిగారు, "బాగున్నారా అన్నయ్యా?" అని అడిగారు. అడిగి, వెనక లైనులో జనం ఉన్నా, జవాబు కోసం అక్కడే నిలబడ్డారు.

"దేవుని కృప. బాగానే ఉన్నానమ్మా" అన్నాను.

ఈ కథంతా చూశాను, మీకు చెప్పాను కూడా. ఒంట్లో బాగాలేదని ఒక మనిషితో చెప్పడం మాత్రం నాకింకా రాలేదు.